బాలరాజ్ డ్రమ్ముల వయసెంత

గుడిమల్కాపూర్‌లో చూసి వచ్చిన అద్దె ఇంట్లో డ్రమ్ముల సెట్టుకు చోటు లేదన్న మాట మొదట అన్నది సుజన. మామూలుగానే అంది. బియ్యం డబ్బా వంటింట్లో పడుతుంది, బీరువా తలుపు పక్కన పడుతుంది, డ్రమ్ములు మాత్రం ఎక్కడా పట్టవు. బాలరాజ్ విననట్టు చెప్పులు విప్పుకున్నాడు. అతనికీ ఆ సంగతి తెలుసు. ఇల్లు చూస్తున్నంతసేపూ అతని కళ్ళు మూలలనే వెతికాయి.

హుస్సేనీ ఆలంలో వాళ్ళుంటున్న పాత ఇల్లు యజమాని అన్నదమ్ముల పంచాయితీ తెగి అమ్ముడుపోయింది. కొన్నవాళ్ళు పడగొట్టి మూడంతస్తులు లేపుతారట. పండగ వెళ్ళేదాకా గడువిచ్చారు. రెండు గదుల్లో ఒక గదిని సగం డ్రమ్ములే ఆక్రమించినా ఆ ఇంట్లో ఇన్నాళ్ళూ ఎవరూ కిక్కురుమనలేదు, ఎందుకంటే ఆ గది పెద్దది. కొత్త ఇంట్లో గదులు రెండే, రెండూ చిన్నవే.

బాలరాజ్‌కు అరవై దగ్గరపడుతున్నాయి. మీసాలు సరిగ్గా మొలవకముందు నుంచీ డ్రమ్ములు వాయిస్తున్నాడు. పెళ్ళి ఆర్కెస్ట్రాలు, గణేశ్ మండపాలు, క్రిస్మస్‌కు చర్చీలు, ఎవరు పిలిస్తే వాళ్ళ దగ్గరికి వెళ్ళేవాడు. డీజే పెట్టెలు వచ్చాక పిలుపులు తగ్గిపోయాయి. ముహూర్తాల నెలల్లో తప్ప చార్మినార్ దగ్గర ఒక గాజుల హోల్‌సేల్ దుకాణంలో డజన్లు కట్టి అట్టపెట్టెల్లో సర్దే పని చేస్తాడు. సుజన ప్రభుత్వ దవాఖానాలో ఆయా. కూతురు రూప ఒక ల్యాబులో రిపోర్టులు టైపు చేస్తుంది.

ఆ సెట్టు అతనికి డానియేలు మాస్టరు ఇచ్చింది. మాస్టరు సికింద్రాబాద్‌లో ఒక క్లబ్బులో వాయించేవాడు. ఆ క్లబ్బుకు వాయించడానికి వచ్చిన దొరల బ్యాండు ఒకటి తిరిగి పోతూ పోతూ సామాను అమ్ముకుపోతే, ఆయన చేతి గడియారం కూడా అమ్మి ఆ డ్రమ్ములు కొన్నాడు. చేతులు వణకడం మొదలయ్యాక, చర్చిలో ఇద్దరు ముగ్గురు శిష్యులుండగా, బాలరాజ్‌ను పిలిచి ఇచ్చాడు. ఇంగ్లండుది, జాగ్రత్త అని మాత్రమే అన్నాడు. ఏ సంవత్సరానిదో ఆయనా చెప్పలేదు, ఇతనూ అడగలేదు.

అడగకపోవడం వల్ల బాలరాజ్‌కు స్వేచ్ఛ దొరికింది. మొదట్లో ఎవరైనా అడిగితే ముప్పై ఏళ్ళ నాటి సెట్టు అనేవాడు. తర్వాత యాభై అన్నాడు. ఒక పెళ్ళిలో కీబోర్డు వాయించేవాడితో, రెండో యుద్ధం నాటిదని కూడా అన్నాడు. మనుషుల వయసు ఏడాదికి ఒకటి పెరిగితే ఆ డ్రమ్ముల వయసు నాలుగైదు పెరిగేది. వయసుతోపాటు వెలా పెరిగేది. ఇంట్లో ఏ ఖర్చు మాట వచ్చినా చివరికి అతను అనే మాట ఒకటే, మన దగ్గర సెట్టుంది కదా అని. ఆ ధైర్యంతోనే ఎవరింట్లోనూ దాన్ని పెట్టనిచ్చేవాడు కాదు. ఆర్కెస్ట్రా ఆఫీసులో పెట్టమంటే, అక్కడ డ్రమ్ముల మీద కూర్చుని టిఫిన్లు తింటారని కసురుకునేవాడు.

అందుకని అమ్ముదామని నిర్ణయించుకున్న రోజు అతనికి దిగులుతోపాటు ఒక రకమైన గర్వం కూడా కలిగింది. ఇన్నాళ్ళూ నోటిమాటగా ఉన్నది ఇప్పుడు లోకం ముందు తేలుతుంది.

ముందు కోఠీ వైపు పాత వాయిద్యాలు కొనే ఒకాయన్ను పిలిపించాడు. ఆయన గడపలోనే నిలబడి, వంగకుండానే బూటు కొసతో, అన్నిటికన్నా పెద్దదైన బేస్ డ్రమ్మును తట్టాడు. "నయా లేలో మియాఁ, ఇస్కా క్యా కర్తే" అని, కొత్తది కొనుక్కోమన్నట్టు చెయ్యి ఊపి, పాత సెల్‌ఫోనుకు ఇచ్చేపాటి ధర చెప్పాడు. బాలరాజ్ తలుపు చూపించాడు. ఆయన పోతూ పోతూ ఇత్తడి పళ్ళేల్లాంటి సింబల్స్ వరకైతే తూకానికి తీసుకుంటానన్నాడు. ఆ మాట బాలరాజ్‌ను రెండు రోజులు పీడించింది. గాజులు కడుతూ కడుతూ తూకమట, తూకమట అని గొణుక్కున్నాడు.

తర్వాత రూప ఫొటోలు తీసి, పాత డ్రమ్ముల పిచ్చి ఉన్నవాళ్ళు మాట్లాడుకునే ఒక గ్రూపులో పెట్టింది. జవాబులు గుట్టలుగా వచ్చిపడ్డాయి. ఒకడు పంతొమ్మిది వందల అరవై రెండు నాటిదన్నాడు, ఒకడు డెబ్బై మూడు నాటిదన్నాడు. ఒకడు ఇండియాలో చేసిన నకలు అన్నాడు. ఇంకొకడు డ్రమ్ము లోపల ముద్ర చూపించమన్నాడు, చూపిస్తే ముద్రలను నమ్మలేమన్నాడు. డ్రమ్ములు అక్కర్లేదు, వాటి మీద కంపెనీ పేరున్న బిళ్ళలు మాత్రం పీకి పంపిస్తే డబ్బు పంపుతానని ఒకడు రాశాడు. డ్రమ్ముల చుట్టూ ఉన్న ఆ ఎర్ర తళుకు షీటు ఎందుకు అతికించారని అడిగినవాళ్ళయితే లెక్కలేదు.

రూప ఒక్కొక్కటీ చదివి తెలుగులో చెప్తుంటే బాలరాజ్ ముఖం నల్లబడింది. డాక్టరు దగ్గరికి పోతే డాక్టరు చేయి పట్టుకుని చూస్తాడు కదా, వీళ్ళు ఫొటో చూసి రోగం చెప్తున్నారేమిటని విసుక్కున్నాడు. ఫోను ముట్టొద్దని కూతురి మీద అరిచాడు. ఆమె తప్పేమీ లేదని అతనికి అరుస్తున్నప్పుడే తెలుసు.

అదే గ్రూపు ద్వారా కృష్ణప్రసాద్ అనే ఆయన ఫోన్ చేశాడు. బ్యాంకులో ఆఫీసరుగా చేసి రిటైరయ్యాడు. తెనాలి వైపు మనిషి, నగరానికి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది, మెహదీపట్నంలో సొంత ఇల్లు. పాత డ్రమ్ములు సేకరించడం ఆయన సరదా. చూడకుండా ఏమీ చెప్పనని, చూశాక ఉన్నదున్నట్టు చెప్తానని అన్నాడు. ఆ మాట బాలరాజ్‌కు నచ్చింది.

ఆదివారం పొద్దున వచ్చాడు. చెప్పులు బయట విడిచి, చాప కూడా వేయనివ్వకుండా నేల మీద కూర్చున్నాడు. డ్రమ్ముల మీద బిగించిన పొరలు, ఆ హెడ్లు విప్పొచ్చా అని అడిగి, బాలరాజ్ చేతనే విప్పించాడు. టార్చి వేసి లోపల చూశాడు. చెక్క పొరలు లెక్కపెట్టాడు, లోపలి అంచున ఉన్న చెక్క కట్టును వేలితో తడిమాడు, బోల్టుల మరలు చూశాడు, బిళ్ళ ఆకారం చూశాడు. చాలాసేపటికి తలెత్తి, బేస్ డ్రమ్ము, కాళ్ళ మీద నిలబడే పెద్ద టామ్ము, ఈ రెండూ అసలైన ఇంగ్లీషు సరుకేనని, అరవైల చివర తయారై ఉంటాయని చెప్పాడు. ముందు పెట్టుకుని వాయించే స్నేరు డ్రమ్ము వేరే కంపెనీది, తర్వాతి కాలంది, అయినా ఫర్వాలేదన్నాడు.

బాలరాజ్ సుజన వైపు చూశాడు. సుజన చాయ్ పెట్టడానికి లేచింది. రెండో యుద్ధం కాకపోయినా అరవైలంటే తక్కువేమీ కాదు.

అక్కడి నుంచి సంగతి వేరే దారి పట్టింది. బేస్ డ్రమ్ము నెత్తిన ఉన్న మూడు రంధ్రాలు ఎక్కడివని కృష్ణప్రసాద్ అడిగాడు. చిన్న టామ్మును దాని మీద నిలబెట్టే పాత స్టాండు విరిగిపోతే బైకు సైలెన్సర్ క్లాంపు బిగించడానికి తానే డ్రిల్లు వేశానని, నాలుగు వందల పెళ్ళిళ్ళకు కదలకుండా నిలబడిందని బాలరాజ్ ఉత్సాహంగా చెప్పాడు. ఆయన కళ్ళు మూసుకున్నాడు. హెడ్లను పట్టి ఉంచే చెక్క రింగుల స్థానంలో ఈ ఇనుప రింగులు ఎక్కడివని అడిగాడు. పగిలితే బేగంబజార్‌లో వెల్డింగ్ చేయించానన్నాడు. మరి పాతవి ఏం చేశారు అంటే, పొయ్యిలో పెట్టామంది సుజన. అంచులు ఎందుకు ఇలా అరిగిపోయాయి అంటే, బజార్లో దొరికే హెడ్లు ఎక్కక ఆకురాయితో తానే అరగదీశానన్నాడు.

అడిగిన ప్రతిదానికీ బాలరాజ్ నిజమే చెప్పాడు. చెప్పినకొద్దీ ఎదుటి మనిషి ముఖంలో ధర పడిపోతున్నట్టు అతనికి అర్థమైంది. చివరికి ఉండబట్టలేక అడిగాడు.

"వాయించెటోడు మరమ్మతు చేసుకోడా సార్? చేయకుంటే ఎట్ల వాయిస్తడు?"

"మీరు చేసింది తప్పని నేననడం లేదండీ. వాయించకుండా అటక మీద పెట్టి ఉంటే మాత్రం ఇవాళ దీనికి మంచి ధర ఉండేది."

"అటక మీద పెట్టెటానికి మాస్టర్ నాకెందుకిస్తడు సార్?"

కృష్ణప్రసాద్ టార్చి పక్కన పెట్టాడు. చిన్న టామ్మును ఒళ్ళోకి తీసుకున్నాడు. టేపు పెట్టి కొలిచాడు, మళ్ళీ కొలిచాడు. దీనికి హెడ్ ఎక్కడిది వేస్తారని అడిగాడు.

బాలరాజ్‌కు కాస్త ఊపిరి వచ్చింది. "గిదొక్కటే సార్ మంచి బుద్ధి గలది. బజార్ల దొరికే ఏ హెడ్డైనా గిట్ల పెడితే గట్ల కూసుంటది. ఆ రెండిటితోనే లొల్లి."

ఆయన టామ్మును నెమ్మదిగా కింద పెట్టాడు. "బాలరాజ్ గారూ, ఆ కాలపు ఇంగ్లీషు డ్రమ్ములు ఇప్పటి కొలత కంటే కాస్త పెద్దవి. అందుకే ఇప్పటి హెడ్లు వాటికి ఎక్కవు. దీనికి సులువుగా ఎక్కుతోందంటే ఇది వాటి జత కాదండీ. ఇక్కడ మన దగ్గర చేసింది. బిళ్ళ మాత్రం అసలుదే, వేరే దాని మీంచి తీసి దీనికి కొట్టారు. ఈ ఎర్ర షీటు ఎవరు వేయించారు?"

వైకుంఠం వేయించాడు. పాతికేళ్ళ కిందట బాలరాజ్ వాయించిన ఆర్కెస్ట్రా యజమాని. స్టేజీ మీద అన్నీ ఒకే రంగులో మెరవాలని డ్రమ్ములన్నీ తీసుకుపోయి షీటు అతికించి తెచ్చాడు. బాలరాజ్ ఆ పేరు చెప్పలేదు. లేచి నిలబడి, ధర తగ్గించడానికి ఇవన్నీ చెప్తున్నారని, బ్యాంకుల్లో ఇలాగే బంగారానికి తరుగు తీస్తారని నోటికొచ్చినట్టు అన్నాడు. సుజన ఆపబోయింది. కృష్ణప్రసాద్ కోపగించుకోలేదు. సెట్టుగా దీనికి విలువ లేదని, బేస్ డ్రమ్ము, పెద్ద టామ్ము మాత్రం తాను తీసుకుంటానని ధర చెప్పాడు. అది ఒక పాత స్కూటీ వచ్చేపాటి ధర. ఆలోచించుకోమని చెప్పి, చాయ్ పూర్తిగా తాగి వెళ్ళాడు.

ఆ సాయంత్రమే బాలరాజ్ లాల్‌దర్వాజాలో వైకుంఠం ఇంటికి వెళ్ళాడు. వైకుంఠానికి మోకాళ్ళు పోయాయి. మంచం మీద కూర్చుని టీవీ చూస్తున్నాడు. పాత మనిషి వచ్చాడని సంబరపడి, కోడలిని పిలిచి సమోసాలు తెప్పించాడు. బాలరాజ్ వాటిని ముట్టకుండా టామ్ము సంగతి అడిగాడు. బుకాయిస్తాడని, తాను గట్టిగా నిలదీయాలని దారిపొడుగునా మాటలు కూర్చుకుని వచ్చాడు. ఆ అవసరం రాలేదు.

"అగో, గిప్పుడడుగుతున్నవా" అన్నాడు వైకుంఠం. షీటు వేయించి తెస్తుంటే ట్రాలీ ఆటోలోంచి టామ్ము జారి పడిందట, వెనకొచ్చే లారీ దాని మీంచి పోయిందట. ముక్కల్లోంచి బిళ్ళ ఏరుకుని, రెండు రోజుల్లో ఇంకొకటి చేయించి, దానికీ ఎర్ర షీటు వేయించాడట. వారంలో పెద్ద షేఠు ఇంట్లో పెళ్ళి ఉందట.

"నాకెందుకు చెప్పలేదన్నా?"

"చెప్తే నువ్వు ఏడ్సుకుంట కూసుంటుంటివి. పెళ్ళి పోతుండె. అయినా తమ్మీ, నీకు తెలుస్తదని నేను మస్తు భయపడ్డ. నీ చెవి అసుంటిది గదా. స్టేజీ ఎక్కి వాయించి దిగినవ్. దిగి ఏమన్నవో యాదికుందా? అన్నా, ఎర్రగైనంక చిన్న టామ్ము సౌండ్ ఇంకా సాఫ్ వస్తుంది అన్నవ్."

వైకుంఠం నవ్వాడు. అందులో ఎగతాళి ఏమీ లేదు. పాత రోజులు గుర్తొచ్చి నవ్వే నవ్వు. బాలరాజ్‌కు అదే భరించడం కష్టమైంది. తిట్టి ఉంటే తిరిగి తిట్టేవాడు. కొత్తది ఇస్తానని వైకుంఠం అబద్ధమాడినా పోట్లాడేవాడు. ఆ మాట తాను అన్నట్టు అతనికి గుర్తులేదు, కానీ అనలేదని చెప్పే ధైర్యమూ లేదు. అది తాను అనేలాంటి మాటే.

ఆటో ఎక్కకుండా నడిచి ఇంటికొచ్చాడు. వస్తూనే చిన్న టామ్మును ముందు పెట్టుకుని పుల్లతో కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. పక్కన పెద్ద టామ్మును కొట్టి చూశాడు. ఇప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తోంది. లేక తెలిసిపోయాక తెలుస్తోందా? ఎంతసేపు కొట్టినా ఆ సంగతి తేలలేదు. పక్కింటివాళ్ళు గోడ తట్టారు. పుల్లలు గదిలో మూలకు విసిరేశాడు.

సుజన అంతా విన్నది. అన్నం పెట్టింది. అతను సెట్టు విడగొట్టి అమ్మేది లేదని, సెట్టంటే సెట్టేనని, కావాలంటే మొత్తం తీసుకోవాలని, లేదంటే హుస్సేనీ ఆలంలోనే వదిలేసి పోతానని అంటూ ఉంటే తన అన్నం తింటూ విన్నది. తర్వాత కంచం పక్కకు జరిపింది.

"ముప్పై ఏండ్ల సంది మన దగ్గర సెట్టుంది, సెట్టుంది అంటివి. చీటీ ఏద్దామంటే సెట్టుంది. పట్టాల జాగ వస్తుందంటే సెట్టుంది. కూలరు పెట్టుకుందామంటే కిటికీకి సెట్టు అడ్డం. ఆ సెట్టు ఎప్పుడో లారీ కింద పడ్డది. మనకు ఇయ్యాల తెలిసింది, గంతే."

బాలరాజ్ చెయ్యి కడుక్కుని బయటికి వెళ్ళి గడప మీద కూర్చున్నాడు. ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి చాలా ప్రయత్నించాడు. రాలేదు. డానియేలు మాస్టరు మీద కూడా కోపం తెచ్చుకుని చూశాడు, జాగ్రత్త అని ఒక్క మాటతో వదిలేశాడని. అదీ నిలవలేదు.

రెండు రోజుల తర్వాత కృష్ణప్రసాద్‌కు తానే ఫోన్ చేశాడు. ఆదివారం అన్న మాటలకు క్షమించమని అడగాలనుకున్నాడు, కానీ నోరు రాక, ఎప్పుడొస్తారు సార్ అని మాత్రం అడిగాడు. ఆయన కారులో దుప్పట్లు పరుచుకుని వచ్చి, బేస్ డ్రమ్మునూ పెద్ద టామ్మునూ పసిపిల్లల్లా చుట్టి పెట్టుకున్నాడు. చెప్పిన ధరకు పైసా తగ్గించలేదు. చిన్న టామ్ము మీది బిళ్ళ కూడా ఇస్తే దానికి వేరే ఇస్తానన్నాడు. బాలరాజ్ ఇవ్వనన్నాడు. టామ్మును తన వెనక్కి జరుపుకున్నాడు. 

ఆ డబ్బు కొత్త ఇంటి అడ్వాన్సుకు, సామాను బండికి సరిపోయింది. మిగిలినదాంతో కూలరు వచ్చింది. గుడిమల్కాపూర్‌లో తెల్లారకముందే పూల బండ్ల మోత మొదలవుతుంది. మొదటి వారం ఆ చప్పుడుకు నిద్ర చాలక బాలరాజ్ అందరి మీదా విరుచుకుపడ్డాడు.

ఎండలు ముదిరాక కృష్ణప్రసాద్ ఫోన్ చేశాడు. ఒకసారి వచ్చి చూడమని, చూసి తీరాలని అన్నాడు. సెలవు రోజున బాలరాజ్ మెహదీపట్నం వెళ్ళాడు. హాల్లో, అద్దాల బీరువా పక్కన, ఆ రెండు డ్రమ్ములూ ఉన్నాయి. ఎర్ర షీటు లేదు. దాని కింద అసలు రంగు అలాగే ఉందట, వేడిగాలి పెట్టి కొంచెం కొంచెంగా ఊడదీశాడట. లేత నీలం, ముత్యపు మెరుపుతో. బాలరాజ్ ఆ రంగును మరిచిపోయాడు. చూడగానే చర్చిలో మాస్టరు ఆ నీలం వెనక కూర్చుని చొక్కా చేతులు మడుచుకోవడం కళ్ళ ముందు కనిపించింది.

దగ్గరికి వెళ్ళి బేస్ డ్రమ్ము నెత్తిన చెయ్యి వేశాడు. తాను వేసిన రంధ్రాల కోసం వేలితో వెతికాడు. దొరకలేదు.

"చెక్క ముక్కలతో పూడ్పించానండీ. కేరళ నుంచి ఒకాయన వచ్చి చేశాడు. కనపడట్లేదు కదూ?" అన్నాడు కృష్ణప్రసాద్ ఆనందంగా.

"లేదు సార్. మంచిగ చేసిండు."

మంచిగానే చేశాడు. అందుకే బాలరాజ్ వేలు మళ్ళీ మళ్ళీ అక్కడే వెతికింది. అన్ని పెళ్ళిళ్ళు, బండి మీద మోసిన రాత్రులు, విరిగితే అతికించుకున్న తంటాలు, వేటి ఆనవాలూ ఆ చెక్క మీద లేదు. దొరల దగ్గర నుంచి నేరుగా ఈ హాల్లోకి వచ్చినట్టున్నాయి. ఒక్కసారి కొట్టి చూస్తానని అడిగాడు. ఆయన కొంచెం ఆలోచించి, చేత్తో, మెల్లగా అన్నాడు. బాలరాజ్ అరచేత్తో తట్టాడు. తడిబట్ట మీద కొట్టినట్టు వచ్చింది. ఆ కాలపు హెడ్ ఎక్కడి నుంచో తెప్పించి వేశాడు, అది వదులుగా ఉంది.

"కొంచెం బిగిస్తే పలుకుతది సార్. కీ ఇయ్యుండ్రి, రెండు నిమిషాలు."

"వద్దండీ. బిగిస్తే చెక్క మీద ఒత్తిడి పడుతుంది. దీన్ని ఇక వాయించం కదా."

బాలరాజ్ చెయ్యి తీసేశాడు. ఆయన పెట్టించిన కాఫీ తాగాడు. ఇంకెవరి దగ్గరైనా పాతవి ఉంటే చెప్పమని కృష్ణప్రసాద్ అడిగితే సరేనన్నాడు. మంచి మనిషి, అబద్ధమాడలేదు, మోసం చేయలేదు. ఇంత చిరాకు ఆయన మీద ఎందుకు వస్తోందో బాలరాజ్‌కు బస్సులో కూర్చున్నాక కూడా తెలియలేదు.

ఆ నెలలోనే అత్తాపూర్‌లో ఒక రిసెప్షన్‌కు పిలుపు వచ్చింది. ఆర్కెస్ట్రా ఆఫీసులో మూలన పడి ఉండే బేస్ డ్రమ్మునే సర్దుకున్నాడు, అందరూ కూర్చుని టిఫిన్లు తినేదాన్ని. ముందు తన స్నేరు, చిన్న టామ్ము పెట్టుకున్నాడు. మూడు గంటలు వాయించాడు. పెళ్ళికొడుకు స్నేహితులు స్టేజీ ఎక్కి ఎగిరారు. సామాను సర్దుతుంటే, ఇరవై ఏళ్ళుగా అతని పక్కన కీబోర్డు వాయిస్తున్న భిక్షపతి భుజం తట్టాడు.

"అన్నా, ఇయ్యాల సౌండ్ మస్తుండె."

"ఏమన్న తేడా అనిపించలేదా నీకు?"

"తేడానా? ఏం తేడా?"

బాలరాజ్ అతని ముఖంలోకి చూశాడు. భిక్షపతి నిజంగానే అడుగుతున్నాడు. చెప్దామని నోరు తెరిచి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తోచక, "ఏం లేదు తీ" అన్నాడు. ఎవరినైనా గట్టిగా తిట్టాలనిపించింది. స్టాండ్లు మడిచి సంచిలో వేసుకున్నాడు. మళ్ళీ ప్రోగ్రాం ఏ తేదీనో అడిగి, ఆ రోజు దుకాణంలో సెలవు చెప్పుకోవాలనుకుంటూ మెట్లు దిగాడు.